రెడీమేడ్ అనేరోబిక్ మీడియా కొనేవాళ్లు జాగ్రత్త: ట్యూబుకి ఏ బిరడా పెట్టారో ముందు చూడండి

మనిషి పేగులో ఆక్సిజన్ లేకుండా బతికే బాక్టీరియాని (అనేరోబ్‌లని) ల్యాబ్‌లో కల్చర్ చేసేవాళ్లు, ముఖ్యంగా మీడియా (బాక్టీరియాని పెంచే పోషక ద్రవం) సొంతంగా కాచుకోకుండా ట్యూబుల్లో సీల్ చేసినది తెప్పించుకునేవాళ్లు ఈ పోస్టు చదివాకే ఆర్డర్ పెట్టండి. మా ల్యాబ్ కోసం ఒక సప్లయర్ దగ్గర ప్రీ-రెడ్యూస్డ్ (ముందే ఆక్సిజన్ తీసేసిన) వైసీఎఫ్ఏ అనే రకం మీడియా కొన్నాం. కేటలాగ్‌లో బ్యూటైల్ రబ్బరు బిరడాలని రాసి ఉంది. వచ్చినవి మెత్తగా, మసక తెలుపులో ఉన్నాయి. గట్టిగా అడిగితే, బ్యూటైల్ స్టాక్ లేక సిలికాన్ పెట్టామని అప్పుడు ఒప్పుకున్నారు.

సిలికాన్ వేడిని బాగా తట్టుకుంటుంది, ఆటోక్లేవ్‌లో చెక్కుచెదరదు. కానీ ఆక్సిజన్‌ని ఆపలేదు. సీల్ ఎంత బిగుతుగా ఉన్నా గాలి దాని గుండా నెమ్మదిగా లోపలికి దిగుతూనే ఉంటుంది. అనేరోబ్‌ల పని చేసేవాళ్లు దళసరి బ్యూటైల్ రబ్బరునే పట్టుకుని ఉండేది ఇందుకే.

పెట్టె విప్పినప్పుడు ట్యూబులు రంగు లేకుండా శుభ్రంగానే ఉన్నాయి. బెంచి మీద ఉంచితే పైనుంచి కిందికి పింక్ రంగు దిగడం మొదలైంది. అంటే లోపలున్న రిసాజురిన్ (ఆక్సిజన్ తగిలితే రంగు మారే ఇండికేటర్) ఆక్సిజన్ వచ్చిందని చెబుతోంది. సప్లయర్‌కి ఫొటోలు పంపితే, "అది మామూలే, ఛాంబర్‌లో (ఆక్సిజన్ లేని పెట్టెలో) పెడితే పోతుంది" అని జవాబు.

ఆ మాటే అసలు ప్రమాదం, ఎందుకంటే రంగు నిజంగానే పోతుంది. రిసాజురిన్ నీలం నుంచి పింక్‌కి ఒకసారి మారాక వెనక్కి రాదు గానీ, పింక్‌కీ రంగులేని స్థితికీ మధ్య ఎన్నిసార్లయినా అటూ ఇటూ మారుతుంది. మీడియా మాత్రం మునుపటిలా ఉండదు. ఆక్సిజన్ తగిలినంతసేపూ, దాన్ని తీసేయడానికి మీడియాలో కలిపే సిస్టీన్ ఖర్చవుతుంది, ఆ క్రమంలోనే హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. సున్నితమైన బాక్టీరియాకి అది విషం.

వాళ్ల క్వాలిటీ సర్టిఫికెట్‌లో 'పెరుగుదల బాగుంది' అనే ఉంది. పరీక్షించింది మాత్రం ఒక్క బాక్టీరాయిడిస్ ఫ్రాజిలిస్‌తోనే. అది అనేరోబ్‌లలో మొండిది, కాస్త ఆక్సిజన్ తగిలినా తట్టుకుంటుంది. ఫీకాలిబాక్టీరియం ప్రాస్నిట్జీ అలా కాదు, గాలి తగిలితే నిమిషాల్లో చచ్చిపోతుంది. ఒకే కల్చర్ నుంచి దాన్ని మేం కాచుకున్న మీడియాలోనూ, కొన్న ట్యూబుల్లోనూ వేశాం. మాదాంట్లో చక్కగా పెరిగింది, వాళ్లదాంట్లో ఏమీ రాలేదు. మీ ఛాంబర్‌లోనే లోపం అన్నారు. రెండూ ఉన్నది అదే ఛాంబర్‌లో. అయినా ఛాంబర్‌లో ఆక్సిజన్‌ని తొలగించే పల్లాడియం కేటలిస్ట్‌ని ఓవెన్‌లో వేడిచేసి, తేమ పోగొట్టి మళ్లీ చూశాం. ఫలితం మారలేదు.

డబ్బు పోవడం కన్నా నాకు ఎక్కువ బాధ కలిగించేది వేరే. ఇలాంటి ట్యూబుల్లో మలం శాంపిల్ వేస్తే బాక్టీరాయిడిస్ గుబురుగా పెరుగుతుంది, కల్చర్ బ్రహ్మాండంగా వచ్చిందని అనిపిస్తుంది. ఫీకాలిబాక్టీరియం, రోజ్‌బ్యూరియా లాంటివి కనబడవు. దాంతో 'ఈ మనిషి పేగులో ఇవి లేవు' అని రాసేస్తాం. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల పేగులో బాగా ఎక్కువగా ఉండే బాక్టీరియాలో ఫీకాలిబాక్టీరియం ఒకటి, పేగు గోడ కణాలకి శక్తినిచ్చే బ్యూటిరేట్ తయారుచేస్తుంది. క్రోన్స్ అనే పేగు వాపు వ్యాధి ఉన్నవాళ్లలో అది తగ్గుతుందని చాలా అధ్యయనాల్లో తేలింది. మరి ఒక బిరడా చేసిన పని రోగలక్షణంగా రికార్డులోకి ఎక్కితే ఎలా? శాంపిల్ ఇచ్చినవాళ్లు మనల్ని నమ్మి ఇచ్చారు.

కొనేముందు బిరడా ఏ పదార్థంతో చేశారో రాతపూర్వకంగా తీసుకోండి. బ్యూటైల్ సాధారణంగా నలుపు, బూడిద లేదా నీలం రంగులో ఉంటుంది గానీ రంగు చూసి నమ్మేయకండి. ఇండికేటర్ కలపని లాట్ అసలు తీసుకోవద్దు, గాలి చేరినా మీకు తెలిసే దారే ఉండదు. క్వాలిటీ పరీక్షకి ఏ స్ట్రెయిన్ వాడారో అడగండి. ఫ్రాజిలిస్ ఒక్కటే అంటే ఆలోచించుకోండి. సరుకు రాగానే కొన్ని ట్యూబుల్ని ఏమీ వేయకుండా బెంచి మీద వదిలి రంగు గమనించండి. పింక్ అయినవాటిని ఛాంబర్‌లో పెట్టి 'బాగుచేసుకోవద్దు', పక్కన పడేయండి.

మాకు డబ్బు వెనక్కి రాలేదు. బదులు పంపుతామన్న ట్యూబులకీ సిలికానే అన్నారు, వద్దన్నాం.

ఇప్పటికే ఇలాంటి ట్యూబులతో పని చేసి ఉంటే, 'కనబడలేదు' అని రాసుకున్న ఫలితాలన్నీ ఒకసారి పక్కకి తీయండి. ఆ శాంపిల్‌లో కొంత గ్లిసరాల్‌తో, గాలి తగలకుండా మైనస్ 80 డిగ్రీల్లో దాచి ఉంటే, దాన్ని మంచి మీడియాలో మళ్లీ పెట్టి చూశాకే ఆ మాట రిపోర్టులో ఉంచండి.