అభయారణ్యం వెబ్‌సైట్‌కు డ్రూపల్: పది నెలల అనుభవం

మా అభయారణ్యం వెబ్‌సైట్‌ను ఒక ప్రైవేటు సంస్థ సాఫ్ట్‌వేర్ నుంచి, వెబ్‌సైట్‌లోని సమాచారాన్ని మనమే నిర్వహించుకునే సాఫ్ట్‌వేర్ అయిన డ్రూపల్‌కు మార్చి పది నెలలైంది. పక్షులు గూళ్లు కట్టే కాలంలో ఒక కాలిబాటను మూసివేశామని తెలియజేయడానికి కూడా ఇదివరకు ఆ సంస్థకు ఈమెయిల్ రాసి రోజుల తరబడి ఎదురుచూడవలసి వచ్చేది. ఈలోగా సందర్శకులు ఆ గూళ్ల పక్కనుంచే నడిచి వెళ్లేవారు. ఇప్పుడు గేటు దగ్గరి సిబ్బందే ఆ ప్రకటనను ఫోన్‌లో రాస్తున్నారు, రేంజర్ చూసి ఆమోదించగానే అది సైటులో కనిపిస్తోంది. ఈ ఒక్క మార్పు కోసమైనా పడిన శ్రమ దక్కిందని నా అభిప్రాయం.

2001లో తొలిసారి విడుదలైన డ్రూపల్, ఎవరైనా వాడుకుని మార్చుకోనిచ్చే జీపీఎల్ లైసెన్సు కింద ఉచితంగా లభిస్తుంది. సమాచారాన్ని పేజీలుగా కాక విడివిడి అంశాలుగా దాచే తీరు దీనిలో నాకు అన్నిటికన్నా నచ్చింది. పేరు, శాస్త్రీయ నామం, కనిపించే నెలలు, కాలిబాట అనేవి వేర్వేరు గడులు కావడం వల్ల, ఒక పక్షి వివరాన్ని ఒక్కచోట సరిదిద్దితే ఆ పక్షి ప్రస్తావన ఉన్న బాటల పేజీలన్నిటిలోనూ అది మారిపోతుంది. శాస్త్రీయ నామం మారిన ఒక కొంగ కోసం పాత సైటులో పదకొండు పేజీలు వెతికి దిద్దినవాళ్లం మేము.

తరలింపు మాత్రం తేలిక కాదు. పాత సమాచారాన్ని సీఎస్‌వీ ఫైళ్లుగా (కామాలతో విడదీసిన పట్టికలుగా) తీసి, డ్రూపల్‌లో సమాచారాన్ని తరలించే భాగమైన మైగ్రేట్ మాడ్యూల్‌తో ఎక్కించాము. తప్పు జరిగినప్పుడు ఎక్కించినదంతా వెనక్కి తీసి మళ్లీ నడిపే వీలుండటం మమ్మల్ని కాపాడింది. బాటల వెంట పాతిన బోర్డుల మీది క్యూఆర్ కోడ్‌లు పాత చిరునామాలకే వెళ్తాయి కనుక, వాటన్నిటికీ 301 దారిమళ్లింపులు, అంటే పాత చిరునామా తెరిచినవారిని శాశ్వతంగా కొత్తదానికి పంపే ఏర్పాట్లు, పెట్టవలసి వచ్చింది.

ఫొటోల విషయంలో ఇతర అభయారణ్యాల వారు తప్పక జాగ్రత్త పడాలి. కెమెరా లేదా ఫోన్ ఫైలులో తీసిన చోటి అక్షాంశ రేఖాంశాలు దాగి ఉండవచ్చు. బొమ్మల పరిమాణం మార్చే జీడీ లైబ్రరీతో డ్రూపల్ తయారుచేసే చిన్న నకళ్లలో ఆ వివరాలు మిగలవు గానీ, ఎక్కించిన అసలు ఫైలు సర్వర్‌లో అలాగే ఉంటుంది, దాని చిరునామా తెలిసినవారెవరైనా దాన్ని తెరవవచ్చు. ఒక గద్ద గూడు ఫొటోలో దీన్ని సైటు ప్రారంభానికి ముందురోజు గమనించాము. అప్పటి నుంచి ఎక్కించే ముందే ఆ వివరాలను తొలగిస్తున్నాము.

డ్రూపల్ భద్రతా సవరణలు సాధారణంగా బుధవారాల్లో వెలువడతాయి. మా దగ్గర ఒక స్వచ్ఛంద కార్యకర్త వాటిని గురువారం ఉదయం కంపోజర్‌తో (సాఫ్ట్‌వేర్ భాగాలను తాజాపరిచే సాధనంతో) ముందుగా నకలు సైటులో వేసి, బాటల పటాలు తెరుచుకుంటున్నాయని చూసుకున్నాకే అసలు సైటులో వేస్తారు. అలాంటి మనిషి దొరకని చోట డ్రూపల్‌ను ఎంచుకోమని నేను చెప్పను.