ఇంటి లైబ్రరీ ఖాళీ చేయడానికి జ్ఞాన్ పోస్ట్ ఎంతవరకు అక్కరకొస్తుంది?

సొంతిల్లు వదిలి ఫ్లాట్‌కి మారేటప్పుడు సోఫాల కంటే పుస్తకాలే ఎక్కువ పేచీ పెడతాయి. తూకానికి వేయడానికి మనసొప్పదు, అన్నిటినీ మోసుకెళ్లడమూ కుదరదు. పుస్తకాలు తక్కువ ఖర్చుతో పంపడానికి తపాలా శాఖ 2025 మే 1న తెచ్చిన జ్ఞాన్ పోస్ట్ సేవ ఇలాంటప్పుడు పనికొస్తుంది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకి 100. పన్ను అదనం. ట్రాకింగ్ ఉంది.

చిల్లరగా పంపితే మాత్రం దండగ. డెమ్మీ సైజు (మామూలు నవల సైజు), 200 పేజీల పుస్తకం సుమారు పావుకిలో తూగుతుంది. అట్టపెట్టె, టేపులకు 300 గ్రాములు పోనిస్తే పెట్టెలో 18 పడతాయి. పన్నుతో కలిపి ఒక్కోదానికి ఆరేడు రూపాయలు. 5 కిలోలు దాటితే ఈ రేటు వర్తించదు కాబట్టి ఇంట్లోనే తూచి వెళ్లాలి. పెట్టె అతికించకుండా తీసుకెళ్లండి, కౌంటర్లో చూపించమంటే మళ్లీ కోయక్కర్లేదు.

రవాణా నేలమార్గంలో కాబట్టి తొందర పనికిరాదు. వానాకాలమైతే పాలిథిన్ చుట్టాల్సిందే. కానీ ముందు పుస్తకాలను నీడన బాగా ఆరబెట్టాలి, చెమ్మతో చుడితే లోపలే బూజు పడుతుంది. వెన్నులన్నీ ఒకే వైపు పెడితే దొంతర ఒరుగుతుంది. అటొకటి ఇటొకటి తిప్పి పేర్చి, సందుల్లో న్యూస్‌పేపర్ కుక్కాలి.

చిక్కంతా నిబంధనల్లో ఉంది. పుస్తకం మీద ప్రచురణకర్త పేరో, ముద్రాపకుడి పేరో ఉండాలి. ముఖపత్రం ఊడిన పాత తెలుగు పుస్తకాలు ఇక్కడే ఆగిపోతాయి. పత్రికలకు అసలు చోటే లేదు. లోపల ఉత్తరం కూడా పెట్టకూడదు.

అన్నిటి మీదా తపాలా ఖర్చు పెట్టకండి. ఇప్పటికీ పునర్ముద్రణలో దొరికే నవలలు హైదరాబాద్ అబిడ్స్ ఆదివారం పాత పుస్తకాల ఫుట్‌పాత్‌కి చాలు. స్థానిక చరిత్రలు, పాత నిఘంటువులు, పూర్తి సంపుటాలు మాత్రం డబ్బు పెట్టి పంపదగ్గవి. సెట్టు విడగొట్టొద్దు, ఒక్క సంపుటం పోయినా మిగతావాటి ధర పడిపోతుంది. వేటపాలెం సారస్వత నికేతనం, సుందరయ్య విజ్ఞాన కేంద్రం లాంటి గ్రంథాలయాలకైతే పేరు, రచయిత, ముద్రణ సంవత్సరం, పుస్తకం స్థితి రాసిన జాబితా ముందు పంపి, ఏవి కావాలో అడగాలి. అడగకుండా పంపితే, వాళ్ల దగ్గర ఉన్నవే మళ్లీ చేరి అటకెక్కుతాయి.

1950ల నాటి చందమామల్లాంటివి ఎలాగూ జ్ఞాన్ పోస్ట్‌లో పోవు. వాటిని సేకరించేవాళ్లకు విడి సంచికలుగా, చేతికే ఇవ్వడం మేలు.