అల్ట్రాసౌండ్ ‘ఫెలోషిప్’కు డబ్బు కట్టే ముందు, ఆ సర్టిఫికెట్ ఎక్కడ చెల్లుతుందో చూసుకోండి

ఎంబీబీఎస్ పూర్తిచేసి సొంత క్లినిక్‌లో స్కానింగ్ పెట్టుకోవాలనుకునే డాక్టర్లకు ఈ హెచ్చరిక. ‘పదిహేను రోజుల్లో అల్ట్రాసౌండ్ ఫెలోషిప్’, ‘వీకెండ్ సోనోగ్రఫీ డిప్లొమా’ అంటూ వాట్సాప్‌లో తిరిగే ప్రైవేటు కోర్సుల సర్టిఫికెట్ పీసీపీఎన్‌డీటీ (గర్భస్థ లింగ నిర్ధారణను నిషేధించే చట్టం) కింద స్కానింగ్ సెంటర్ రిజిస్ట్రేషన్‌కు పనికిరాదు. ఫీజు కట్టించుకునేటప్పుడు ఈ మాట ఎవరూ చెప్పరు. మెషీన్‌కు అడ్వాన్సు ఇచ్చి, గది సిద్ధం చేసుకుని, రిజిస్ట్రేషన్ దరఖాస్తు ఫారం-ఎ పట్టుకుని డీఎం అండ్ హెచ్‌వో (జిల్లా వైద్యారోగ్యాధికారి) ఆఫీసుకు వెళ్ళాక బయటపడుతుంది.

ఈ చట్టం కింద 2014 జనవరిలో వచ్చిన ఆరు నెలల శిక్షణ నిబంధనలు ఏం కావాలో స్పష్టంగా చెప్పాయి. ఇమేజింగ్‌లో పీజీ లేని ఎంబీబీఎస్ డాక్టరు ‘ఫండమెంటల్స్ ఇన్ అబ్డామినో పెల్విక్ అల్ట్రాసోనోగ్రఫీ: లెవెల్ వన్’ అనే శిక్షణ పొందాలి. మొత్తం 300 గంటలు. లాగ్‌బుక్ నింపాలి, చివర్లో సామర్థ్య పరీక్ష పాసవ్వాలి. నేర్పే అర్హత కూడా అందరికీ లేదు. పార్లమెంటు చట్టంతో ఏర్పడ్డ సంస్థలు, రేడియాలజీలోగానీ గైనకాలజీలోగానీ ఫుల్‌టైమ్ పీజీ నడిపే గుర్తింపు పొందిన కాలేజీలు, ఆ సబ్జెక్టుల్లోనే నేషనల్ బోర్డు అక్రెడిటేషన్ ఉన్న ఆసుపత్రులు మాత్రమే. అద్దె ఫ్లోరులో నడిచే కోచింగ్ సెంటర్ ఇందులో ఎక్కడా ఇమడదు.

‘ఆ రూలు కోర్టు కొట్టేసింది, ఆరు నెలలు అక్కర్లేదు’ అని కొందరు నమ్మబలుకుతారు. ఇది సగం నిజం. 2016లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసిన మాట వాస్తవమే, కానీ 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే ఇచ్చింది. రెండో సగం చెప్పకుండా సీటు అమ్మేవాళ్ళను నమ్మకండి. ఫిజియోథెరపిస్టులకు, టెక్నీషియన్లకు, ఆయుష్ డాక్టర్లకు ‘సొంతంగా స్కానింగ్ సెంటర్ పెట్టుకోవచ్చు’ అని అమ్మడం ఇంకా అన్యాయం. ఈ చట్టం రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ అన్నప్పుడు, స్టేట్ మెడికల్ రిజిస్టర్‌లో పేరున్న అల్లోపతి డాక్టరనే అర్థం.

సర్టిఫికెట్ సంగతి పక్కన పెట్టి, నేర్చుకోవడానికే చేరదామనుకున్నా ముందు ఒక లెక్క వేయండి. ఒక మెషీన్‌కు 12 మంది, రోజుకు 3 గంటల ప్రాక్టికల్ అంటే ఒక్కొక్కరి చేతిలో ప్రోబ్ (ఒంటి మీద ఆనించే స్కానింగ్ పరికరం) ఉండేది 15 నిమిషాలు. పది రోజులకు రెండున్నర గంటలు. ఆ కాస్త సమయంలో కూడా డెప్త్ (లోతు), గెయిన్ (బొమ్మ వెలుగు), టీజీసీ (లోతును బట్టి వెలుగు సర్దేది) అన్నీ ముందే సెట్ చేసి ఉంటాయి, బొమ్మను ఆపే ఫ్రీజ్ బటన్ నొక్కేది కూడా నేర్పే ఆయనే. పడుకోబెట్టేది సన్నగా ఉన్న కుర్ర వాలంటీర్‌ని. ఇలా నేర్చుకున్నవాళ్ళకు తర్వాత ఎక్కడ దెబ్బ తగులుతుందో చూడండి. గెయిన్ ఎక్కువైతే మామూలు నీటితిత్తి కూడా లోపల ఏదో నిండినట్టు కనిపిస్తుంది. పేషెంటును వెల్లకిలా మాత్రమే చూసి, ఎడమ పక్కకు తిప్పకపోతే గాల్‌బ్లాడర్ మెడలో ఇరుక్కున్న రాయి తప్పిపోతుంది. గర్భస్థ శిశువు పొట్ట చుట్టుకొలత తీసే ప్లేన్ (అడ్డుకోత బొమ్మ)లో పొట్ట గుండ్రంగా ఉండాలి, జీర్ణాశయం, పోర్టల్ సైనస్ దగ్గర బొడ్డు సిర కనిపించాలి, కిడ్నీలు కనిపించకూడదు. ప్లేన్ ఏటవాలుగా పడితే కొలత పెరుగుతుంది, దాంతో బరువు అంచనా పెరుగుతుంది. ఎదుగుదల లేని బిడ్డకు ‘నార్మల్’ అని రిపోర్టు వెళ్ళిపోతుంది. అందుకే ఈ కోర్సుల విషయంలో ఇంత గట్టిగా చెప్పాల్సి వస్తోంది. పోయేది ఫీజు ఒక్కటే అయితే ఇంత బాధ లేదు.

కోర్సుతో పాటు ‘హ్యాండ్‌హెల్డ్ ప్రోబ్ ఫ్రీ’ అంటే అసలు ముట్టుకోకండి. రిజిస్ట్రేషన్ లేనివాళ్ళకు అల్ట్రాసౌండ్ మెషీన్ అమ్మడమూ, ఊరికే ఇవ్వడమూ నిషేధం. జేబులో పట్టేంత చిన్నదైనా చట్టం దృష్టిలో అది మెషీనే. హోటల్ హాల్లో గర్భిణుల మీద ‘లైవ్ డెమో’ పెడుతున్నా అంతే జాగ్రత్త. ఆ చోటుకు రిజిస్ట్రేషన్ ఉందా, ప్రతి గర్భిణికీ స్కానింగ్ వివరాల ఫారం-ఎఫ్ నింపుతున్నారా అని అడగండి. లేకపోతే లేచి వచ్చేయండి.

మెడకొలత స్కాన్ (గర్భస్థ శిశువు మెడ వెనక నీటి మందం కొలిచే ఎన్‌టీ స్కాన్) కోసం ఫీటల్ మెడిసిన్ ఫౌండేషన్ ఆన్‌లైన్ కోర్సును వేలు తీసుకుని ‘ఇప్పిస్తాం’ అనేవాళ్ళున్నారు. ఆ కోర్సు ఉచితం, మీరే నేరుగా చేరొచ్చు. యూకేలో సోనోగ్రాఫర్ ఉద్యోగం మీద ఆశతో ఆన్‌లైన్ పీజీ సర్టిఫికెట్ కొనాలనుకునే రేడియోగ్రాఫర్లు, దానికి ‘కేస్’ (సోనోగ్రఫీ కోర్సులను గుర్తించే అక్కడి సంస్థ) అక్రెడిటేషన్ ఉందా, ఆసుపత్రిలో క్లినికల్ ప్లేస్‌మెంట్ ఎవరు చూపిస్తారు అన్న రెండు ప్రశ్నలు అడగండి. ప్రోబ్ పట్టకుండా వచ్చే సోనోగ్రఫీ సర్టిఫికెట్‌తో అక్కడ పని దొరకదు.

డబ్బు కట్టే ముందు శిక్షణ సంస్థగా గుర్తిస్తూ రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు కాపీ అడగండి. నమూనా సర్టిఫికెట్ మీద 2014 నిబంధనల పేరు, కోర్సు పూర్తి పేరు ఉన్నాయో లేదో చూడండి. ఆ రెండూ తీసుకెళ్ళి మీ జిల్లా పీసీపీఎన్‌డీటీ సెక్షన్‌లో చూపించి, చెల్లుతుందంటేనే ముందుకెళ్ళండి. ఫీజు సంస్థ ఖాతాకే పంపండి, ఎవరి సొంత ఫోన్‌పే నంబరుకూ వద్దు. రీఫండ్ షరతు కాగితం మీద రాయించుకోండి.

ఇప్పటికే కట్టేసినవాళ్ళు బ్రోచర్, ‘రిజిస్ట్రేషన్ వస్తుంది’ అన్న మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు, రసీదులు ముందు భద్రం చేసుకోండి. గొడవ మొదలయ్యాక ఆ మెసేజ్‌లు డిలీట్ చేసేస్తారు. రాతపూర్వకంగా రీఫండ్ అడిగి, జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళాలంటే రెండేళ్ళ గడువే ఉంటుంది, కాబట్టి వాళ్ళు ‘వచ్చే బ్యాచ్‌లో సర్దుతాం’ అంటే వింటూ కూర్చోకండి.