రాజమండ్రి గోదావరి గట్టు: ఏళ్లుగా నడుస్తున్నవాడి మాట

రాజమండ్రిలో వాకింగ్‌కి ఎక్కడ బాగుంటుందని ఎవరడిగినా గోదావరి గట్టే చెబుతాను, కాకపోతే ఎప్పుడు వెళ్లాలో కూడా చెబుతాను. తెల్లవారుజామున అయితే ఎండ వెనకనుంచి వస్తుంది, నడవడానికి హాయి. సాయంత్రం మాత్రం కొవ్వూరు వైపు పొద్దు కుంగేదాకా కళ్లలోకే కొడుతుంది. ఆ తర్వాత పుష్కర్ ఘాట్ దగ్గర హారతి టైముకి జనం, బళ్లు, పిడతకింద పప్పు బళ్లూ అన్నీ కలిసి నడకన్న మాటే ఉండదు, కూర్చుని చూడాలంతే.

సౌకర్యాల సంగతికొస్తే, బెంచీలు సరిపడా ఉన్నాయి, వ్యాయామం చేసుకునే ఇనుప సామాను సగం కిర్రుమంటోంది. మరుగుదొడ్ల గురించి ఇంట్లో ఆడవాళ్లను అడగండి, నాకంటే ఘాటుగా చెబుతారు. అసలు చిక్కేమిటంటే ఇక్కడ పనులన్నీ పుష్కరాల లెక్కలో నడుస్తాయి. 2003లో ఒకసారి, 2015లో ఒకసారి మెరుగులు దిద్దారు, మధ్యలో ఊడిన టైలు ఊడినట్టే ఉంటుంది. మళ్లీ 2027 వస్తోంది కాబట్టి కదలిక కనిపిస్తోంది. 1900 నుంచి 1997 దాకా రైళ్లు నడిచిన హేవ్‌లాక్ బ్రిడ్జిని చూడ్డానికి తగ్గట్టు తయారుచేస్తామని 2025లో అఖండ గోదావరి పేరుతో శంకుస్థాపన కూడా చేశారు. పూర్తయ్యాక మాట్లాడదాం.

మే నెలలో కూడా ఇక్కడ నది మరీ బోసిపోదు, దిగువన ధవళేశ్వరం బ్యారేజీ నీళ్లు ఆపుతుంది గనక. బ్యారేజీ దాటి కిందికి వెళ్తే ఇసుకే ఇసుక. జులై నుంచి సెప్టెంబరు దాకా కథ వేరు. ధవళేశ్వరంలో నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, ఆ రోజుల్లో మెట్ల వైపు పోవద్దు, పైనుంచి చూసి వచ్చేయండి. వరద తీశాక ఇంకా జాగ్రత్త, మెట్ల మీద ఒండ్రు ఎండినట్టే కనిపించి కాలు వెయ్యగానే జర్రున జారుతుంది. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ అడిగి మరీ వేసుకోండి, ఇవ్వడానికి బద్ధకిస్తే దిగిపోండి.

పిల్లలుంటే ఒక పూట ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియానికి తీసుకెళ్లండి. 1852లో పూర్తయిన పాత ఆనకట్ట సంగతి అక్కడ తెలుస్తుంది, ఆడుకోవడానికి చెట్ల నీడా ఉంది. ఆదివారం సాయంత్రం మాత్రం వద్దు, బండి పెట్టడానికే అరగంట పోతుంది.