విశాఖ–హైదరాబాద్ సాయంత్రం ఫ్లైట్: శ్రీకాకుళం నుంచి వెళ్లేవాళ్ల తరఫున రెండు స్టార్లు

కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. రాస్తే "మాకూ అంతే", "మాకు బాగానే ఉంది" అని జనం కొట్టుకోవడమే తప్ప అసలు సంగతి పక్కకి పోతుంది.

రథసప్తమి అయ్యేదాకా అమ్మ శ్రీకాకుళం కదలనంది. అరసవిల్లి దర్శనం అయ్యాక, జనవరి చివర్లో, ఆవిణ్ణి నాతో హైదరాబాద్ తీసుకెళ్దామని రాత్రి 7.15 ఫ్లైటుకి టికెట్లు తీశాను. ఇద్దరికీ 11,400. పక్కపక్క సీట్లు కావాలంటే మనిషికి 350 అదనం. పన్నెండేళ్ల లోపు పిల్లలకి అమ్మానాన్నల్లో ఒకరి పక్కన సీటు ఇవ్వాలని 2024లో విమానాల నియంత్రణ సంస్థ డీజీసీఏ చెప్పింది గానీ, డెబ్బై రెండేళ్ల తల్లి కొడుకు పక్కన కూర్చోవాలంటే మాత్రం డబ్బు కట్టాల్సిందే అన్నారు. కట్టాను. అమ్మకి ఇదే మొదటి విమానం, పైగా మోకాళ్ల నొప్పులు, షుగరు. రాత్రి ఎనిమిదింటికల్లా భోంచేయాలి.

మధ్యాహ్నం మూడింటికి కారు మాట్లాడుకుని బయల్దేరాం. విశాఖలో ఉన్నవాళ్లకి ఎయిర్‌పోర్టంటే ఎన్ఏడీ జంక్షన్ దాటితే వచ్చేసేది. మనకి వందకి పైగా కిలోమీటర్లు, 3,500 కారు కిరాయి, ఆనందపురం దాటాక ట్రాఫిక్ ఎలా ఉంటుందో తెలీక ముందే బయల్దేరిన ఇంకో గంట. కొత్త ఎయిర్‌పోర్టు కడుతున్న భోగాపురం దగ్గర అమ్మ కిటికీలోంచి చూసి "ఇక్కడే కదేటి ఇమానాలు దిగుతాయన్నారు, మరి మనం ముందుకి పోతన్నామేటి?" అంది. జనవరి 4న ట్రయల్ కోసం ఒక విమానం దిగింది గానీ ఇంకా టికెట్ల ఫ్లైట్లు మొదలవలేదని చెప్పాను. అప్పటిదాకా విశాఖలో నేవీ వాళ్ల ఐఎన్ఎస్ డేగ రన్‌వేయే మనకి గతి.

తగరపువలస దగ్గర, 4.20కి, మెసేజ్. ఫ్లైటు 8.00కి మారింది, కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. సరే, ముప్పావు గంటే కదా అనుకున్నా. ఇంట్లో ఉన్న మా మేనల్లుడికి ఫోన్ చేస్తే వాడు ఏ విమానం ఎక్కడుందో చూపించే ఫ్లైట్‌రాడార్ తెరిచి, "మావయ్యా, మీరెక్కాల్సిన విమానం ఇంకా ఢిల్లీలోనే ఉంది, పొద్దున పొగమంచుకి లేటైందట" అన్నాడు.

ఇక్కడ కాస్త ఆగి లెక్క చెప్పాలి, ఎందుకంటే నా కోపమంతా ఈ లెక్క దగ్గరే ఉంది. ఈ చిన్న దూరాల విమానాలు మన ఆర్టీసీ బస్సు తిరిగినట్టే రోజంతా ఊళ్లు తిరుగుతాయి. మా విమానం ఢిల్లీ నుంచి హైదరాబాద్ రావాలి, అక్కడ జనాన్ని దించి ఎక్కించుకుని విశాఖ రావాలి, మళ్లీ మమ్మల్ని ఎక్కించుకుని హైదరాబాద్ వెళ్లాలి. ఢిల్లీ నుంచి హైదరాబాద్ రెండుంపావు గంటలు, అక్కడ తక్కువలో తక్కువ అరగంట, విశాఖకి గంటా పది నిమిషాలు, ఇక్కడ ఇంకో అరగంట. అంటే ఆ మెసేజ్ వచ్చిన నిమిషానే ఢిల్లీలో గాల్లోకి లేచినా మా ఫ్లైటు 8.45 లోపు కదలడం జరగని పని. కారు వెనక సీట్లో కూర్చుని నేను వేళ్ల మీద లెక్కేసిందాన్ని అంత పెద్ద కంట్రోల్ రూము పెట్టుకున్నవాళ్లు వేయలేదంటే నేను నమ్మను. తెలిసే 8.00 అని పంపారు.

ఫ్లైటు బాగా లేటని మూడున్నరకే చెప్పి ఉంటే రణస్థలం దాటకుండానే వెనక్కి తిరిగేవాళ్లం. అమ్మ ఇంట్లో వేడన్నం తిని, కాసేపు నడుం వాల్చి, ఏడింటికి బయల్దేరేది.

ఎయిర్‌పోర్టులో లగేజీ దగ్గర ఇంకో తమాషా. బ్యాగు స్కానింగుకి వెళ్లాక నా పేరు మైకులో పిలిచారు. అరిసెలు, జంతికల మధ్య అమ్మ పెట్టిన ఉద్దానం ఎండుకొబ్బరి చిప్పలు ఆరు. తీసేయాలన్నారు. ఈ విషయంలో వాళ్లదే న్యాయం, ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ, దానంతటదే వేడెక్కి అంటుకునే సరుకుల కింద లెక్క, చెక్-ఇన్ బ్యాగులో పెట్టనివ్వరు. కానీ ఆ నియమం టికెట్టుతో పాటు వచ్చిన ఇంగ్లిష్ కాగితంలో ఎక్కడో అడుగున ఉంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లు రోజూ ఎక్కే చోట, కొబ్బరి పండే నేల మీద, తెలుగులో ఒక్క బోర్డు పెట్టడానికి ఏమవుతుంది? కారు అప్పటికే వెళ్లిపోయింది. అక్కడ ఊడుస్తున్న ఆవిడకి ఇచ్చేశాం, ఆవిడ సంతోషించింది, అమ్మ మాత్రం రాత్రంతా ఆ ఆరు చిప్పల గురించే.

వీల్‌చైరుకి మాత్రం ఐదుకి ఐదు స్టార్లు. టికెట్టప్పుడే అడిగాను, దిగేసరికి కుర్రాడు సిద్ధంగా ఉన్నాడు, పాతపట్నం వైపు వాడట. "ఏటమ్మా, భయమేస్తందా? బస్సు కన్నా సుకం" అని కబుర్లు చెబుతూ సెక్యూరిటీ దాటించి గేటు దగ్గర కూర్చోబెట్టాడు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు.

తర్వాత ఆ గేటు దగ్గరే ఐదు గంటలు. బోర్డు మీద 8.00 కాస్తా 8.45 అయింది, 9.30 అయింది, తర్వాత 10.40. ఒక్కో టైము గడిచే పది నిమిషాల ముందు ఇంకో టైము. నేవీ క్లియరెన్స్ లేదట అని ఒకరు, పైలట్ రాలేదట అని ఒకరు. మా మేనల్లుడు ఫోన్లో విమానం 6.30కి ఢిల్లీలో లేచిందని, 8.45కి హైదరాబాద్‌లో దిగిందని చెబుతూనే ఉన్నాడు. గేటు దగ్గర అమ్మాయికి ఆ సంగతే చెబితే "సార్, మాకూ సిస్టమ్‌లో ఇదే చూపిస్తోంది" అంది. పాతికేళ్లుంటాయేమో, వందమంది ఆ పిల్ల మీద పడ్డారు. ఒకాయన టేబుల్ గుద్దాడు కూడా. దయచేసి ఆ పని చేయకండి, టైములు మార్చేది ఆ అమ్మాయి కాదు, మార్చేవాళ్లు మనకి కనపడరు.

శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్సులో కండక్టర్ని అడిగితే "బండి ఇంకా డిపోలోనే ఉంది బాబూ, టీ తాగి రండి" అంటాడు. ముక్కుసూటిగా. మనం టీ తాగి వస్తాం. నాకు కావాల్సింది ఆ ఒక్క ముక్క. (లోపల టీ రెండు కప్పులు 300, అది వేరే ఏడుపు.)

నియమాలు కూడా చెబుతాను, ఎవరికైనా పనికొస్తాయి. రెండున్నర గంటల లోపు ప్రయాణానికి ఫ్లైటు రెండు గంటలు లేటయ్యేలా ఉంటే తిండీ నీళ్లూ కంపెనీ ఇవ్వాలి. ఆరు గంటలు దాటేలా ఉంటే వేరే ఫ్లైటు గానీ పూర్తి డబ్బు గానీ అడగొచ్చు. రద్దు చేసి ముందు చెప్పకపోతే గంట నుంచి రెండు గంటల ప్రయాణానికి 7,500 దాకా పరిహారం ఉంది, అది కూడా వాతావరణం లాంటి కారణాలైతే రాదు. ఒట్టి ఆలస్యానికి మాత్రం మన దేశంలో నగదు పరిహారం లేదు. నాలుగు గంటలు కూర్చోబెడితే వాళ్లకి పోయేది ఒక ఉప్మా కప్పు, అంతే.

ఆ ఉప్మా కూడా అడిగితే గానీ రాలేదు, 9.40కి ఇచ్చారు. వేడినీళ్లు పోసి మూత పెట్టి ఎనిమిది నిమిషాలు ఆగాలి. అమ్మ మూత తీసి చూసి "ఇది ఉప్మా ఏటి, గంజి" అని పక్కన పెట్టేసింది. ఎనిమిదింటికే ఇంటి నుంచి తెచ్చిన పులిహోర తినిపించాను కాబట్టి సరిపోయింది. షుగరున్న వాళ్లతో వెళ్తే తిండి పట్టుకెళ్లండి, పులిహోర సెక్యూరిటీలో ఎవరూ ఆపలేదు.

11.15కి లేచింది. లోపల సిబ్బంది మర్యాదగానే ఉన్నారు, దిగడం కూడా మెత్తగా దిగింది, బ్యాగులు ఇరవై నిమిషాల్లో వచ్చాయి. మియాపూర్‌లో ఇల్లు చేరేసరికి రాత్రి రెండుంబావు.

మర్నాడు కంపెనీకి మెయిల్ పెడితే రెండు రోజులకి జవాబు, ఆపరేషనల్ కారణాలు, చింతిస్తున్నాం. నేను అడిగిన ప్రశ్న ఒక్కటే, 4.20కి విమానం ఢిల్లీలో ఉండగా 8.00 అని ఎందుకు పంపారు? దానికి జవాబు లేదు. ప్రభుత్వం వాళ్ల ఎయిర్‌సేవలో ఫిర్యాదు పెట్టాక ఆరో రోజున కంపెనీ నుంచి ఫోనొచ్చింది, 1,000 రూపాయల వోచర్ ఇస్తామన్నారు. వాడాలంటే మళ్లీ వాళ్ల విమానమే ఎక్కాలి. ప్రశ్న మళ్లీ అడిగాను, ఆవిడ మళ్లీ చింతించింది.

పౌర విమానయాన మంత్రి మన శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడే, కొత్త ఎయిర్‌పోర్టు మన పక్క జిల్లాలోనే వస్తోంది, సంతోషం. భోగాపురం మొదలైతే దారి సగానికి సగం తగ్గుతుంది. మెసేజీలు మాత్రం ఇలాగే వస్తే శ్రీకాకుళం పొలిమేరలో సింహద్వారం దాటే ముందు విమానం ఎక్కడుందో మనమే చూసుకోవాలి. ఫ్లైట్‌రాడార్‌లో ఫ్లైట్ నంబరు కొడితే చాలు, ఉచితమే, నేర్చుకోవడానికి ఐదు నిమిషాలు పట్టదు.

అమ్మకి తిరుగు ప్రయాణం విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో లోయర్ బెర్తు తీశాను, సికింద్రాబాద్‌లో ఎక్కితే మర్నాడు పొద్దున్న ఆమదాలవలస, అదే మన శ్రీకాకుళం రోడ్ స్టేషన్. టికెట్టు చూపిస్తే ఎన్ని గంటలని అడగలేదు. "ఈళ్లు సంచి ఇప్పమనరు కదా?" అంది.