వానాకాలంలో కొండకెళ్తే: మడికేరి, చిక్కమగళూరు, ఊటీల్లో ఏది మేలు?

జులై వచ్చిందంటే బెంగళూరులో మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఇదే చర్చ. కుర్రాళ్లు మడికేరి అంటారు, కార్లున్నవాళ్లు చిక్కమగళూరు అంటారు, ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉన్నవాళ్లు ఊటీ అంటారు. దూరంలో పెద్ద తేడా లేదు, మూడూ 240 నుంచి 300 కిలోమీటర్ల లోపే. తేడా అంతా వానలో ఉంది. నైరుతి మేఘాలు అరేబియా సముద్రం మీంచి వచ్చి పడమటి కనుమల మీద చాలావరకు కురిసేస్తాయి. శిఖరాలు దాటి తూర్పుకు వచ్చేసరికి తేలికపడతాయి. అందుకే నేను ముందు చూసేది, రాత్రి పడుకునే ఊరు శిఖరానికి ఏ వైపున ఉందని.

మడికేరి కొండల నడినెత్తినే ఉంది. జులై, ఆగస్టుల్లో అక్కడ ముసురు పట్టిందంటే రోజుల తరబడి వదలదు. లోయ చూసే చోటైన రాజా సీట్‌కు వెళ్తే లోయ బదులు తెల్లటి మబ్బు కనిపిస్తుంది. కావేరి పొంగితే దుబారె ఏనుగుల శిబిరానికి పడవలు ఆపేస్తారు, భాగమండలలో త్రివేణి సంగమం నీళ్లు రోడ్డెక్కుతాయి. 2018 ఆగస్టులో మడికేరి ఉన్న కొడగు జిల్లాలో కొండచరియలు విరిగిపడి ఇళ్లు, తోటలు కొట్టుకుపోయాయి. 2020 ఆగస్టులో తలకావేరి దగ్గర బ్రహ్మగిరి కొండ జారి ఆలయ అర్చకుల కుటుంబమే మట్టిలో కూరుకుపోయింది. రెడ్ అలర్ట్ వస్తే, హోటల్‌కు కట్టిన డబ్బులు పోయినా సరే, ప్రయాణం మానుకోవాల్సిందే.

అయినా వాన చూడ్డానికే వెళ్లేవాళ్లకు మడికేరిని మించింది లేదు. అబ్బి జలపాతం మార్చిలో చూసి పెదవి విరిచినవాళ్లు ఆగస్టులో చూస్తే ఆ హోరుకు పక్కవాళ్ల మాట కూడా వినబడదు. ఇంకో సంగతి తిండి. ఇక్కడి కొడవవాళ్ల పంచాంగంలో ఇది కక్కడ నెల. వెదురు చిగుళ్ల కూర ఈ రోజుల్లోనే దొరుకుతుంది. ఆగస్టు 3న ఇంటింటా మద్దు సొప్పు ఆకు రసంతో ఊదారంగు పాయసం వండుతారు. ఆ ఒక్క రోజు ఆ ఆకులో పద్దెనిమిది మందుల గుణం ఉంటుందని వాళ్ల నమ్మకం. హోమ్‌స్టేలో దిగితే మీకూ ఒక గిన్నె పెడతారు. (మర్నాడు మూత్రం ఎర్రగా వస్తే కంగారుపడి డాక్టరు దగ్గరికి పరుగెత్తకండి, అది ఆకు రంగే.) కొడగులో రైలు లేదు. మైసూర్ రోడ్ శాటిలైట్ బస్టాండ్ నుంచి బస్సులున్నాయి.

చిక్కమగళూరు లెక్క వేరు. ఊరు బాబాబుడన్‌గిరి శ్రేణికి తూర్పున, కొండ పాదం దగ్గర ఉంది. శ్రేణికి పడమట శృంగేరి వైపు కుండపోతగా కురుస్తున్నప్పుడు ఇక్కడ సన్నటి జల్లు పడుతూ ఉండొచ్చు. ఇంకా తూర్పుకు, కడూరు దగ్గరికి వస్తే మన అనంతపురం గుర్తొచ్చేంత మెట్ట నేల. హాసన్ మీదుగా ఊరిదాకా ఘాట్ రోడ్డే లేదు. కారు వద్దనుకుంటే శివమొగ్గ రైలెక్కి కడూరులో దిగి, అక్కణ్నుంచి నలభై కిలోమీటర్లు బస్సులో వెళ్లొచ్చు. అన్నిటికన్నా నాకు నచ్చేది ఏమిటంటే, ఊళ్లో కాఫీ తాగుతూ కూర్చుని, మబ్బు విడిచిందని తెలిశాక పైకి బయల్దేరొచ్చు. విడవకపోతే దోసె తిని మళ్లీ గదికి వచ్చి పడుకోవచ్చు.

కర్ణాటకలో అన్నిటికన్నా ఎత్తైన ముళ్లయనగిరి, దాదాపు 1,930 మీటర్లు, ఈ శ్రేణిలోనే ఉంది. చివర మెట్లెక్కాలి, పైన గాలికి గొడుగు తిరగబడుతుంది. రెయిన్‌కోటు తీసుకెళ్లండి. శని, ఆదివారాల్లో ఆ సన్నటి రోడ్డు మీద ఎదురెదురుగా కార్లు ఇరుక్కుని అదో బెంగళూరు సిల్క్ బోర్డ్ జంక్షన్ అవుతుంది. శుక్రవారం సెలవు పెట్టి ముందే వెళ్లిరావడం మంచిది. కాఫీ తోటలో ఎర్రటి పళ్లు చూపిస్తానని పిల్లలకు మాటివ్వకండి. ఈ కాలంలో అన్నీ పచ్చి కాయలే, కోత నవంబరు తర్వాతే. జలగలు మాత్రం దండిగా ఉంటాయి. చెప్పులు కాకుండా బూట్లు వేసుకుని, సాక్సుల మీద ఉప్పు రుద్దుకుంటే చాలావరకు రావు.

ఊటీకి వానాకాలంలో నేనైతే ఓటు వెయ్యను. 2,240 మీటర్ల ఎత్తు, జులైలో పగలు కూడా 20 డిగ్రీల లోపే, దానికి తోడు తడి గాలి. పెద్దవాళ్ల కీళ్లకు అది సుఖం కాదు. బందీపూర్ అడవి దారి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు కాబట్టి శుక్రవారం రాత్రి బయల్దేరే ప్లాను కుదరదు. 2024 మే నుంచి ఊటీ వెళ్లే వాహనాలకు ఈ-పాస్ (ముందే ఆన్‌లైన్‌లో తీసుకునే అనుమతి) కూడా తీసుకోవాలి. ఊటీకి దగ్గర్లోనే ఉన్న అవలాంచిలో 2019 ఆగస్టులో ఒక్క రోజులో 82 సెంటీమీటర్ల వాన పడింది. బొమ్మ రైలు కోసమైతే ఊటీ నుంచి కూనూరు దాకా ఎక్కి తృప్తిపడండి. మేట్టుపాళయం నుంచి వచ్చే ఘాట్ మార్గం మీద వానలకు చరియలు పడి రైళ్లు ఆగిపోవడం మామూలే.

అమ్మానాన్నలు, చంటిపిల్ల కలిసి ఉంటే వీటిలో ఏదీ వద్దు. హొసకోట, చింతామణి, మదనపల్లె మీదుగా హార్స్‌లీ హిల్స్‌కు వెళ్లండి. బెంగళూరు నుంచి దూరం దాదాపు 150 కిలోమీటర్లే, ఎత్తు 1,200 మీటర్లకు పైనే, నైరుతి వాన అక్కడిదాకా పలచగానే చేరుతుంది. జలపాతాలు, కాఫీ తోటలు లేవు నిజమే. చల్లగాలి, కమ్ముకునే మబ్బు, తెలుగులో పలకరించే టీ కొట్టు ఉన్నాయి.

మిగతావాళ్లకు జులై, ఆగస్టుల్లో చిక్కమగళూరే మేలు. ఆ తేదీల్లో గదులు దొరక్కపోతే పట్టుబట్టి ఆగస్టు 15 సెలవుల్లో దూరకండి, సెప్టెంబరు రెండో సగందాకా ఆగండి. అప్పటికి వాన కాస్త నెమ్మదిస్తుంది, జలపాతాలు ఇంకా నిండుగానే ఉంటాయి. ఆ రోజుల్లోనైతే మడికేరికి పిల్లలతో వెళ్లడానికీ నాకు అభ్యంతరం లేదు.