ఫ్యాక్ట్ బటన్ ఉన్న క్యాలిక్యులేటర్: 4294967297 కొట్టి చూశాను

మా పాప ఇంటర్ కోసం కొన్న సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ ఇది. సంఖ్యను ప్రధాన కారణాంకాలుగా విడగొట్టే ఫ్యాక్ట్ బటన్ చూడగానే చెయ్యి ఆగలేదు. 32 రెళ్లను గుణించి ఒకటి కలిపితే వచ్చే 4294967297 కొట్టాను. ఇది ప్రధాన సంఖ్యేనని గణితవేత్త ఫెర్మా నమ్మాడు. కాదని 1732లో మరో గణితవేత్త ఆయిలర్ తేల్చాడు. దీని కారణాంకం ఏదైనా సరే, 64తో భాగిస్తే ఒకటే మిగలాలి. అలాంటి ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, ఆ తర్వాతదే 641!

తెర మీద 641×(6700417) కనబడగానే ఒళ్లు పులకరించింది.

లోటు ఒకటుంది. మూడంకెలు దాటిన కారణాంకాలను ఇది వెతకదు, మిగిలింది బ్రాకెట్లో పెట్టేస్తుంది. 6700417 ప్రధాన సంఖ్యే, కానీ ఆ మాట ఇది చెప్పదు. దాని వర్గమూలం దాదాపు 2588 కాబట్టి, 2588 లోపు ప్రధాన సంఖ్యలతో మనమే భాగించి చూసుకోవాలి. పాపా నేనూ ఆదివారమంతా అదే పనిలో ఉన్నాం. బటన్లు మెత్తగా ఉన్నాయి, అంకెలు స్పష్టంగా కనిపిస్తాయి. ఐదుకి నాలుగు స్టార్లు.